ఔషధాల శల్యసారథ్యం

తెలుగులో ‘శల్యసారథ్యం’ అనే జాతీయం ఒకటి ఉంది. పక్కన నిలిచి సాయం చేస్తున్నట్లే కనిపిస్తూ, జరగవలసిన పనిని నీరుగార్చే తోడ్పాటును ఆ మాటతో సూచిస్తారు. కురుక్షేత్ర సంగ్రామంలో పదిహేడవనాడు మద్రదేశాధిపతి శల్యుడు కర్ణుని రథానికి సారథి అయ్యాడు. గుర్రాలను నడపడంలో అతడు శ్రీకృష్ణునికి సాటి రాగలవాడని ప్రసిద్ధి. కర్ణుడా, విలువిద్యలో అర్జునునికి తీసిపోనివాడు. ఇద్దరూ ఒకే రథం మీద, ఒకే పక్షాన ఉన్నారు. అయినా ధర్మరాజుకు ముందుగా ఇచ్చిన మాట ప్రకారం శల్యుడు అడుగడుగునా సూటిపోటి మాటలతో కర్ణునికి తేజోవధ చేశాడు. విడివిడిగా సమర్థులైన ఇద్దరు ఒకచోట చేరినప్పుడు బలం రెట్టింపు కావలసింది పోయి, ఒకరి బలాన్ని మరొకరు హరించడం ఆ ఘట్టంలోని విశేషం.

క్యాన్సర్ వ్యాధికి చేసే రసాయన చికిత్సలో, అంటే కీమోథెరపీలో, ఇటువంటి స్థితి కొన్నిసార్లు ఎదురవుతుంది. రెండు మందులూ మంచివే. రెండింటి మోతాదూ సరైనదే. కానీ ఏది ముందు, ఏది వెనుక, నడుమ ఎన్ని గంటల ఎడం అన్న విషయంలో తేడా వస్తే, ఒకటి మరొకదాని పనిని అడ్డగించవచ్చు. లేదా దాని విషప్రభావాన్ని రోగి భరించలేనంతగా పెంచవచ్చు. శల్యుడు తెలిసి చేశాడు, మందులకు ఆ తెలివి లేదు. అంతే భేదం.

అసలు ఒక్క మందుతో సరిపెట్టక రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం ఎందుకు అన్న ప్రశ్న సహజంగా కలుగుతుంది. దీనికి సమాధానం కీమోథెరపీ తొలి రోజుల చరిత్రలోనే ఉంది. ఆ చరిత్రలో ఒక తెలుగువానికి ముఖ్యమైన స్థానం ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళి, మొదట హార్వర్డులోను, తరువాత లెడర్లీ పరిశోధనశాలలోను పనిచేశారు. ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లం అనే విటమినును, దానితోపాటు ఆ విటమినును పోలి ఉండి దాని పనిని చెడగొట్టే అమినోప్టెరిన్ వంటి పదార్థాలను తయారుచేసింది. బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఆ అమినోప్టెరిన్‌ను రక్తక్యాన్సర్‌తో ప్రాణం మీదికి వచ్చిన పసిబిడ్డలకు ఇచ్చి చూశారు. 1948లో ఆయన ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తగ్గుముఖం పట్టింది. అంతకుముందు ఆ వ్యాధికి మందన్నదే లేదు. మంచం పట్టిన బిడ్డ లేచి ఆడుకోవడం ఆ తల్లిదండ్రులకు పునర్జన్మను చూచినట్లే ఉండి ఉంటుంది. కానీ ఆ సంతోషం కొన్ని నెలల ముచ్చటే అయింది. వ్యాధి తిరగబెట్టింది. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావు కూడా మరణించారు.

వ్యాధి తిరగబెట్టడానికి కారణం క్యాన్సర్ కణాల మొండితనం. కోట్లాది కణాలలో కొన్ని ఆ మందుకు లొంగనివి ముందే ఉంటాయి, లేదా క్రమంగా తయారవుతాయి. మిగిలినవన్నీ నశించినా అవి బ్రతికి, మళ్ళీ పెరుగుతాయి. ఒక మందుకు లొంగని కణం వేరొక దారిలో దెబ్బతీసే మందుకు లొంగవచ్చు. ఈ ఆలోచనతోనే 1960ల ఆరంభంలో అమెరికాలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ అనే వైద్యులు నాలుగు మందులను ఒకేసారి ప్రయోగించారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్, బిళ్ళగన్నేరు మొక్క నుండి తీసిన విన్‌క్రిస్టీన్, గెర్ట్రూడ్ ఎలియన్, జార్జి హిచింగ్స్ సృష్టించిన మెర్కాప్టోప్యూరిన్, ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడు ఆ నాలుగు. మన పెరళ్ళలో నీళ్ళు పోయకపోయినా పూచే బిళ్ళగన్నేరు ఆ జాబితాలో చేరడం విశేషమే. ఒక్కొక్క మందుతో సాధ్యం కానిది ఆ నాలుగింటి కలయికతో సాధ్యమైంది. పిల్లల రక్తక్యాన్సర్ నయమయ్యే వ్యాధుల కోవలోకి రావడానికి అదే తొలిమెట్టు.

కలిపితే మేలు జరుగుతుందని తేలిన తరువాతనే, ఎలా కలపకూడదో తెలుసుకోవలసిన అవసరం ఏర్పడింది. ‘ఎలా కలపకూడదు’ అనే ఆలోచన మన ప్రాచీన వైద్యానికి కొత్తది కాదు. చరకసంహిత సూత్రస్థానంలో విరుద్ధాహారాన్ని గురించి విస్తారమైన చర్చ ఉంది. పాలు, చేపలు విడివిడిగా మంచివే అయినా కలిపి తినకూడదనీ, తేనె, నెయ్యి సమపాళ్ళలో కలపకూడదనీ అందులో చెప్పారు. సంయోగం, మాత్ర, కాలం, క్రమం అనేవి విరోధానికి కారణాలుగా లెక్కించారు. ఆ నియమాలు ఆహారానికి సంబంధించినవి. వాటిని నేటి ఔషధశాస్త్రంతో సమానం చేసి గర్వపడడం తొందరపాటు అవుతుంది. అయితే దోషం ద్రవ్యంలోనే ఉండనక్కరలేదు, కలయికలోనూ ఉండవచ్చు అన్న దృష్టి మాత్రం రెండుచోట్లా ఒక్కటే.

ఔషధాల విరోధం శరీరంలో ఎలా జరుగుతుందో తెలియడానికి మెథోట్రెక్సేట్, ఫ్లోరోయురాసిల్ అనే రెండు మందుల జంటను కొంచెం నిదానంగా పరిశీలించాలి. ఒక కణం రెండుగా చీలాలంటే దానిలోని డి.ఎన్.ఎ. మొత్తానికి మరొక ప్రతి తయారుకావాలి. అందుకు కావలసిన ముడిసరుకులలో థైమిడిన్ ఒకటి, ప్యూరిన్లు మరొకటి. ఈ రెండింటి తయారీకీ ఫోలిక్ ఆమ్లం నుండి పుట్టిన ఫోలేట్లు పనిముట్లుగా ఉపయోగపడతాయి.

ఒక ఊళ్ళో రెండు పనులు జరుగుతున్నాయని అనుకుందాం. ఒకచోట బండరాళ్ళు పగలగొడుతున్నారు. మరొకచోట మెత్తని నేల తవ్వుతున్నారు. రెండుచోట్లా వాడేవి అవే పలుగులు. రాతిపనిలో పలుగు మొన మొద్దుబారిపోతుంది. మెత్తని నేలలో అంతగా అరగదు. మొద్దుబారిన పలుగును కమ్మరి కొలిమికి పంపి, పదును పెట్టించి మళ్ళీ వాడుకోవాలి. కణంలో థైమిడిన్ తయారీ రాతిపని వంటిది. అక్కడ వాడిన ఫోలేటు మొద్దుబారి, డైహైడ్రోఫోలేటు అనే పనికిరాని రూపంలోకి మారుతుంది. ప్యూరిన్ల తయారీ మెత్తని నేల వంటిది. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము కమ్మరి కొలిమి. మెథోట్రెక్సేట్ చేసే పని ఆ కొలిమిని మూసివేయడం.

కొలిమి మూతపడిన తరువాత కూడా రాతిపని సాగుతూనే ఉంటే, కొద్ది సేపటిలోనే ఊళ్ళోని పలుగులన్నీ మొద్దుబారిపోతాయి. అప్పుడు రాతిపని మాత్రమే కాదు, నేల తవ్వే పని కూడా ఆగిపోతుంది. మెథోట్రెక్సేట్ దెబ్బ అంత బలమైనది కావడానికి కారణం ఇదే. ఇప్పుడు ఫ్లోరోయురాసిల్ సంగతి చూడాలి. అది కొలిమి జోలికి పోదు. రాతిపని జరిగే చోటుకే వెళ్ళి, థైమిడిలేట్ సింథేజ్ అనే ఎంజైమును బంధించి, ఆ పనిని ఆపివేస్తుంది. ఇది కూడా క్యాన్సర్ కణానికి పెద్ద దెబ్బే.

ఫ్లోరోయురాసిల్‌ను ముందుగా ఇచ్చి, తరువాత మెథోట్రెక్సేట్ ఇస్తే ఏమవుతుంది? రాతిపని అప్పటికే ఆగిపోయింది కనుక పలుగులు మొద్దుబారడం లేదు. మొద్దుబారనప్పుడు కొలిమి మూసినా ఎవరికీ నష్టం లేదు. నేల తవ్వే పని, అంటే ప్యూరిన్ల తయారీ, యథావిధిగా సాగిపోతుంది. మెథోట్రెక్సేట్ తన స్థానంలో తాను కూర్చుని తన విధిని తాను నిర్వర్తిస్తూనే ఉంటుంది. దాని ఫలితం మాత్రం ఉండదు. శల్యసారథ్యమంటే ఇదే.

వరుసను తారుమారు చేస్తే కథ మారిపోతుంది. మెథోట్రెక్సేట్ ముందు వెళ్ళి ప్యూరిన్ల తయారీని ఆపినప్పుడు, ఆ పనిలో ఖర్చు కావలసిన ఒక పదార్థం కణంలో పేరుకుపోతుంది. ఫ్లోరోయురాసిల్ కణంలో తన క్రియాశీల రూపాన్ని పొందడానికి సరిగ్గా ఆ పదార్థమే కావాలి. ముందు వచ్చినవాడు వెనుక వచ్చేవానికి ఆయుధాలు సమకూర్చి పెట్టినట్లయింది. జోసెఫ్ బెర్టినో బృందం 1977లో ఎలుకలలోని కణితులపై చేసిన ప్రయోగాలు ఈ వరుస ప్రాధాన్యాన్ని స్పష్టంగా చూపాయి. ముదిరిన పెద్దప్రేగు క్యాన్సర్ ఉన్నవారిలో ఈ రెండు మందుల నడుమ 1 గంట ఎడం కంటే 24 గంటల ఎడం మేలైన ఫలితం ఇచ్చినట్లు 1991లో వెలువడిన పరిశోధన తెలిపింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ప్రయోగశాలలో కనిపించిన విరోధమల్లా రోగి శరీరంలో అంత తీవ్రంగా కనిపించాలన్న నియమం లేదు. మిలాన్ నగరంలో జియాని బొనడోనా 1976లో ప్రకటించిన రొమ్ముక్యాన్సర్ చికిత్సలో మెథోట్రెక్సేట్, ఫ్లోరోయురాసిల్ రెండూ ఒకే రోజున ఇచ్చారు. దానివల్ల ఎందరో స్త్రీలకు మేలే జరిగింది. కణం ఒక గాజుపాత్రలో ఉన్నప్పటి సంగతి వేరు, మనిషిలో ఉన్నప్పటి సంగతి వేరు.

మెథోట్రెక్సేట్‌కు విరుగుడుగా వాడే ల్యూకోవోరిన్ కథ ఇంకా ఆశ్చర్యకరమైనది. ఇది ముందే పదును పెట్టిన పలుగు వంటి ఫోలేటు. కొలిమి మూసి ఉన్నా దీనికి బాధ లేదు. ఎముక క్యాన్సర్ వంటి వ్యాధులలో మెథోట్రెక్సేట్‌ను మామూలుగా ప్రాణాంతకమయ్యేంత పెద్ద మోతాదులో ఎక్కించి, సాధారణంగా 24 గంటల తరువాత ల్యూకోవోరిన్ మొదలుపెడతారు. రక్తంలో మెథోట్రెక్సేట్ ఎంత మిగిలి ఉందో కొలిచి చూస్తూ, అది తగిన స్థాయికి తగ్గేదాకా ల్యూకోవోరిన్ ఇస్తూనే ఉంటారు. విరుగుడు మరీ ముందుగా ఇస్తే క్యాన్సర్ కణాలు కూడా బ్రతికి బయటపడతాయి. ఆలస్యమైతే ఎముకల్లోని మూలుగ, నోటిలోను ప్రేగులలోను ఉండే సున్నితమైన పొర తిరిగి కోలుకోలేనంతగా దెబ్బతినవచ్చు. మెథోట్రెక్సేట్‌కు ఇలా విరోధి అయిన ల్యూకోవోరిన్, ఫ్లోరోయురాసిల్‌కు మాత్రం ప్రాణమిత్రుడు. ఫ్లోరోయురాసిల్ థైమిడిలేట్ సింథేజ్‌ను పట్టుకున్న పట్టు సడలకుండా అది బిగించి ఉంచుతుంది. పెద్దప్రేగు క్యాన్సర్ చికిత్సలో ఆ రెండూ జంటగానే వస్తాయి. ఒకే ద్రవ్యం ఒకచోట విరుగుడు, మరొకచోట తోడు!

పిల్లల రక్తక్యాన్సర్ చికిత్సలో ఆస్పరాజినేజ్ అనే మందుది ప్రత్యేక స్థానం. సూక్ష్మజీవుల నుండి తీసే ఈ ఎంజైము రక్తంలోని ఆస్పరాజిన్ అనే ఆహారపదార్థాన్ని ధ్వంసం చేస్తుంది. ఆరోగ్యవంతమైన కణాలు తమకు కావలసిన ఆస్పరాజిన్‌ను తామే తయారుచేసుకోగలవు. రక్తక్యాన్సర్ కణాలలో చాలావాటికి ఆ నేర్పు లేదు. అవి పస్తులుండి నశిస్తాయి. ఇంతవరకు బాగానే ఉంది. కానీ పస్తున్న కణం ముందుగా చేసే పని విభజనను వాయిదా వేసుకోవడం. మెథోట్రెక్సేట్ దెబ్బతీసేది డి.ఎన్.ఎ.ను తయారుచేస్తున్న కణాన్నే. ఆస్పరాజినేజ్‌ను ముందుగా ఇస్తే కణాలు పని మానుకుని ముడుచుకుని కూర్చుంటాయి. ఆ తరువాత వచ్చిన మెథోట్రెక్సేట్‌కు చేయడానికి పని దొరకదు. రాబర్ట్ కపిట్సీ అనే వైద్యుడు 1970లలో ఈ వైరాన్నే ప్రయోజనంగా మార్చారు. మెథోట్రెక్సేట్‌ను ముందు ఇచ్చి, 24 గంటల తరువాత ఆస్పరాజినేజ్ ఇస్తే, మొదటిది చేయవలసిన పని పూర్తిచేస్తుంది. రెండవది తన పని తాను చేస్తూనే, మొదటిదాని విషం నుండి రోగి శరీరాన్ని కొంతవరకు కాపాడుతుంది. శత్రుత్వం ఉన్నచోటనే, సమయం మార్చినంతమాత్రాన, రక్షణ పుట్టింది. ఆయన పేరుతో పిలిచే ఈ పద్ధతిని రక్తక్యాన్సర్ ఉన్న పిల్లల చికిత్సలో నేటికీ వాడుతున్నారు.

మందుల మధ్య విరోధం ప్రతిసారీ కణంలోనే జరగదు. కాలేయంలో, మూత్రపిండాలలో కూడా జరుగుతుంది. ఏ మందైనా పని ముగిసిన తరువాత శరీరం నుండి వెళ్ళిపోవాలి. ఆ మార్గాన్ని వేరొక మందు అడ్డగిస్తే, ఇచ్చిన మోతాదు సరైనదే అయినా దాని ప్రభావం అధిక మోతాదు ఇచ్చినట్లవుతుంది. అండాశయ, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు వాడే పాక్లిటాక్సెల్, సిస్‌ప్లాటిన్ జంట దీనికి ఉదాహరణ. సిస్‌ప్లాటిన్‌ను ముందుగా ఎక్కిస్తే పాక్లిటాక్సెల్ శరీరాన్ని వదిలే వేగం తగ్గి, తెల్లరక్తకణాలు మరింతగా పడిపోతాయని 1991లో తేలింది. అందువల్ల పాక్లిటాక్సెల్‌నే ముందు ఎక్కిస్తారు. అదే పాక్లిటాక్సెల్‌ను డాక్సోరుబిసిన్‌తో జతచేసినప్పుడు వరుస తలకిందులవుతుంది. పాక్లిటాక్సెల్ ముందు వెళ్ళితే డాక్సోరుబిసిన్ రక్తంలో ఎక్కువసేపు నిలిచిపోయి గుండెకు హాని పెరుగుతుంది. కనుక ఇక్కడ డాక్సోరుబిసిన్‌కే అగ్రస్థానం. ఇక కార్బోప్లాటిన్‌తో కలిసినప్పుడు అదే పాక్లిటాక్సెల్ ఉపకారం చేస్తుంది. కార్బోప్లాటిన్ ఒక్కదానివల్ల పడిపోయినంతగా ప్లేట్‌లెట్ కణాలు అప్పుడు పడిపోవు.

మెర్కాప్టోప్యూరిన్, అల్లోప్యూరినాల్ జంట కథ మరొక తీరు. మెర్కాప్టోప్యూరిన్‌ను శరీరంలోని ఒక ఎంజైము త్వరగా విరగగొట్టివేస్తున్నదని గమనించిన ఎలియన్, హిచింగ్స్ ఆ ఎంజైమును ఆపడానికి అల్లోప్యూరినాల్‌ను పరీక్షించారు. మెర్కాప్టోప్యూరిన్ బలం పెరిగింది. దానితోపాటు విషమూ పెరిగింది. ఆశించిన లాభం దక్కలేదు. కానీ ఆ ఎంజైమే శరీరంలో యూరిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది కనుక అల్లోప్యూరినాల్ కీళ్ళవాతంలో ఒక రకమైన గౌట్ వ్యాధికి దివ్యౌషధంగా స్థిరపడింది. వారిద్దరికీ 1988లో నోబెల్ బహుమతి లభించింది. రక్తక్యాన్సర్ చికిత్స తొలి దినాలలో కణాలు కుప్పలుగా నశించి యూరిక్ ఆమ్లం పెరుగుతుంది కనుక, అల్లోప్యూరినాల్‌ను అప్పుడు కూడా వాడతారు. ఆ సమయంలో మెర్కాప్టోప్యూరిన్ కూడా ఇవ్వవలసి వస్తే, దాని మోతాదును మూడవ వంతుకో నాలుగవ వంతుకో తగ్గించక తప్పదు. తగ్గించడం మరచిపోతే మూలుగ ఎండిపోయి ప్రాణానికే ముప్పు వస్తుంది.

ఒళ్ళునొప్పులకు దుకాణంలో కొనుక్కుని వేసుకునే ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు సైతం ఈ కోవలోకి రావచ్చు. మెథోట్రెక్సేట్ మూత్రపిండాల ద్వారా బయటికి పోవాలి. ఈ మాత్రలు ఆ దారిని ఇరుకు చేస్తాయి. వైద్యుడు అడిగినప్పుడు రోగి బంధువులు ‘అది మామూలు నొప్పిబిళ్ళేనండీ’ అని చెప్పకుండా ఊరుకోవడం కద్దు. చికిత్స పొందుతున్నవారి విషయంలో మామూలు బిళ్ళ అంటూ ఏదీ లేదు.

రొమ్ముక్యాన్సర్‌లో వాడే టామాక్సిఫెన్ మాత్ర హార్మోను ప్రభావాన్ని అడ్డుకుని క్యాన్సర్ కణాలను నిద్రపుచ్చుతుంది. కీమోథెరపీ మందులలో చాలావాటికి మేలుకుని విభజన చెందుతున్న కణాలే లక్ష్యం. ఈ రెండింటినీ కలిపి ఇవ్వాలా, ఒకదాని తరువాత ఒకటి ఇవ్వాలా అన్న ప్రశ్నపై అమెరికాలో సుమారు 1,500 మంది స్త్రీలతో జరిగిన దీర్ఘకాలిక పరిశోధన ఫలితాలు 2009లో వెలువడ్డాయి. కీమోథెరపీ ముగిసిన తరువాత టామాక్సిఫెన్ మొదలుపెట్టడమే మేలన్న వైపు ఆ ఫలితాలు మొగ్గు చూపాయి. తేడా మరీ పెద్దది కాదు, సందేహానికి పూర్తిగా అతీతమైనదీ కాదు. అయినా వైద్యులు ఆ వరుసనే పాటిస్తున్నారు. భీష్ముడు యుద్ధం చేస్తున్నంతకాలం కర్ణుడు ఆయుధం పట్టకుండా శిబిరంలో ఉండిపోవడం కౌరవులకు నష్టం కలిగించింది. ఇక్కడ మాత్రం ఒకరి తరువాత ఒకరు రంగంలోకి దిగడమే లాభంగా తోస్తున్నది.

రెండు మందుల కలయిక మిత్రత్వమో శత్రుత్వమో అంకెలలో తేల్చడానికి 1984లో చౌ, తలాలే అనే శాస్త్రజ్ఞులు ఒక సూచికను రూపొందించారు. విలువ 1 కంటే తక్కువైతే మందులు పరస్పరం బలం చేకూర్చుకుంటున్నట్లు, 1 అయితే ఎవరి పని వారు చేస్తున్నట్లు, 1 దాటితే ఒకదానికొకటి అడ్డుపడుతున్నట్లు లెక్క. మందుల సంఖ్య పెరిగినకొద్దీ ఈ లెక్కలు జటిలమవుతాయి. పది మందులుంటే వాటిలో రెండేసి చొప్పున 45 జంటలు ఏర్పడతాయి. ముందు వెనుకల వరుసను కూడా లెక్కించితే అవి 90. గంటల ఎడాలను, మోతాదులను చేర్చితే ఆ సంఖ్యకు అంతు ఉండదు. అన్నింటినీ మనుషులపై పరీక్షించడం అసాధ్యం. అందుకే వైద్యులు ఇదివరకే పరీక్షకు నిలిచిన పద్ధతిని గంట కూడా మార్చకుండా పాటించడానికి ఇష్టపడతారు.

దూరపు పల్లెల నుండి నగరంలోని ఆసుపత్రికి వచ్చే కుటుంబాలకు ఈ గంటల లెక్క కష్టంగానే ఉంటుంది. బస్సు ఛార్జీలు, రాత్రి బసకు ఖర్చు, పోయే కూలి, ఇంటివద్ద వదిలివచ్చిన చిన్నపిల్లలు. ‘రేపు మళ్ళీ ఎందుకు డాక్టరుగారూ, రెండు మందులూ ఈ పూటే ఎక్కించెయ్యండి’ అని తండ్రి ప్రాధేయపడితే అందులో అవివేకం లేదు, లేమి ఉంది. నిన్న మధ్యాహ్నం మెథోట్రెక్సేట్ సూది పడిన పిల్లవానికి ఈ రోజు మధ్యాహ్నం ఆస్పరాజినేజ్ సూది పడేవరకు ఆ కుటుంబం ఆసుపత్రి వరండాలోనే కాచుకుని ఉంటుంది. లోపల నర్సు కేసుషీటులో మొదటి మందు ఇచ్చిన వేళను మరొకసారి చూచుకుని, గోడ గడియారంతో సరిపోల్చుకున్న తరువాతనే రెండవ మందు సీసాను చేతిలోకి తీసుకుంటుంది.